కన్ను గుర్తు

బటూమీలో వాన పట్టుకుంటే
ఎప్పుడు వదులుతుందో రేవులో క్రేన్లకీ తెలియదు.
పదకొండో రోజు ముసురులో
అన్నయ్య ఇంటి తాళం తీశాను.
కరెంటు బిల్లు కట్టాలి,
ఆసుపత్రి వాళ్లకి బీమా నంబరు చెప్పాలి.
అడుగుదామంటే
మూర్మాన్ నోట్లో మాటలన్నీ
ఒక్క రాత్రిలో ఖాళీ అయిపోయాయి.
తలలో ఎక్కడో సన్నని నరం చిట్లిందట.
"బ" అంటాడు. కాసేపాగి మళ్లీ "బ".
నీళ్లకీ అదే, నొప్పికీ అదే,
నన్ను పిలవడానికీ అదే.

కింది వాటా పిల్ల తెక్లా వచ్చింది
పొద్దుతిరుగుడు గింజలు కొరుక్కుంటూ.
"బ్రౌజర్‌లో దాచే ఉంటాడు, ఎతేరి అత్తా.
అది మర్చిపోదు, మనిషి కాదుగా."
తెర మూలన మూడు చుక్కలు నొక్కింది,
సెట్టింగుల్లోకి దిగింది,
అక్కణ్ణించి పాస్‌వర్డ్‌ల గదిలోకి.
పేర్ల జాబితా. ప్రతి పేరు పక్కనా నల్లటి చుక్కలు,
మెడ దాకా బిగించి పెట్టుకున్న చొక్కా గుండీల్లా.
చివర ఒక కన్ను బొమ్మ,
దాని మీద అడ్డంగా గీత.

కన్ను మీద నొక్కితే
ముందు నువ్వెవరో చెప్పమంది యంత్రం.
నాలుగంకెలు.
పుట్టినరోజు వేశాను, కాదంది.
పెళ్లిరోజు వేశాను, బుద్ధిలేక,
ఆ పెళ్లి పోయి ఇరవై ఏళ్లు.
అప్పుడు వాడు నడిపిన క్రేను గుర్తొచ్చింది.
పదిహేడు, మళ్లీ పదిహేడు.
తెరుచుకుంది.

కరెంటు కంపెనీకి మావాడు పెట్టినది
ఇక్కడ రాయకూడని బూతు,
వెనకాల మూడు ఆశ్చర్యార్థకాలు.
తెక్లా కళ్లు మూద్దామనుకునేలోపే
చదివేసి పడీ పడీ నవ్వింది.
బ్యాంకుకి: దొంగనారింజలు87.
ఆ ఏడు ప్రభుత్వ తోట కంచె దూకింది
ఇద్దరమే, వాడూ నేనూ.
చేపల వేటగాళ్ల సైటుకి: ఈసారితప్పకుండా9.
మార్చమన్నప్పుడల్లా ఒక అంకె పెంచాడన్నమాట,
ఇంటికి తెచ్చిన చేపల కన్నా అంకెలే ఎక్కువ.
టర్కిష్ నేర్పే సైటు ఒకటుంది.
ఎప్పుడు మొదలెట్టాడో,
ఎవరితో మాట్లాడదామనో.
దాని కన్ను నొక్కకుండా వదిలేశాను.

ఇంకా కిందకి జరిపితే
నా ఈమెయిల్.

పదకొండేళ్ల కిందటి చలికాలం, నా కంప్యూటర్ చెడిపోతే
ఇక్కడ కూచుని ఉత్తరాలు చూసుకునేదాన్ని.
"దాచమంటారా?" అని అది అడిగింది.
చెయ్యి తొందరలో ఉంది, దాచెయ్యమన్నాను.
తెక్లాని నీళ్లు తెమ్మని పంపి
కన్ను తెరిచాను.
గుండీలు ఒక్కొక్కటే ఊడి
బద్రి పేరు బయటపడింది.
ఈ ఊళ్లో నేను పైకి ఎన్నడూ అనని పేరు.
అతనికి భార్య ఉంది. నాకు సిగ్గు ఉండేది.
పదకొండేళ్లు ఆ తలుపు తాళంచెవి
మా అన్నయ్య బల్ల మీద, నేనే పెట్టి మరిచిపోయినట్టు.

ఆ వసంతంలో బద్రి బర్గాస్ ఓడెక్కి పోయిన రోజు
మూర్మాన్ వచ్చాడు పిలవకుండా.
వాల్‌నట్లు నూరి వేసిన చిక్కుడుగింజల కూర
గిన్నెతో సహా గుమ్మంలో పెట్టి
"ఉప్పు తగ్గిందేమో" అని వెళ్లిపోయాడు.
జన్మలో వాడు వంట చేసింది అదొక్కసారే.
ఎందుకొచ్చాడని
నేనూ అడగలేదు.

సాయంత్రం వార్డులో, వాడి చెవి దగ్గర వంగి
కరెంటు కంపెనీ పాస్‌వర్డ్ పైకి చదివాను,
ఆశ్చర్యార్థకాలతో సహా.
నర్సు వెనక్కి తిరిగి చూసింది.
మూర్మాన్ మొహంలో కుడి సగం
భళ్లున నవ్వింది.
అప్పుడడిగాను, మెల్లిగా:
"నాది చూశావా?"
ఎడమ రెప్ప ఎప్పుడూ వాలే ఉంటుంది ఇప్పుడు.
రెండోదీ మూశాడు.
చాలాసేపు తెరవలేదు.
"బ" అన్నాడు.

కరెంటు బిల్లు మాత్రం కట్టేశాను.