బేసి సంఖ్య

రెండు కొంటే చాలదా అన్నాడు కొనుగోళ్ల విభాగం మణివణ్ణన్,
కాలిక్యులేటర్ మీంచి కళ్లెత్తకుండానే.
చాలదు సార్.
ఇద్దరే ఉన్నచోట తగువు తీర్చేవాడుండడు.

గిండీలో ఒకటి, అంబత్తూరులో ఒకటి,
ఉప్పుగాలి తాకీ తాకనట్టుండే సిరుసేరిలో మూడోది.
నలభై ఏళ్ల బీమా కాగితాలు
స్కానర్ కింద ఒక్కసారి వెలిగి, మాటలుగా విడిపోయి
ఈ మూడిళ్లలో కాపురముండాలి.

తెల్లబోర్డు మీద పెట్టెలు గీశాను.
సూచికను ఆరు ముక్కలు చేశాను, ముక్కకో నకలు.
ముక్కా దాని నకలూ ఒకే కప్పు కింద పడుకోకూడదు.
మా మేనత్త సుభద్రమ్మ చీటీల లెక్క రెండు పుస్తకాల్లో రాసేది.
ఒకటి బియ్యం డబ్బాలో,
ఒకటి పక్కవీధి హసీనాబీ దగ్గర.
ఆవిడకి సర్వరంటే తెలీదు.
ఇల్లు కాలడమంటే తెలుసు.

రెండో నియమానికి మూడు టీలు పట్టింది.
మధ్యలో తీగ తెగిందనుకో,
అంబత్తూరు పోయిందనుకుంటుంది గిండీ,
గిండీ పోయిందనుకుంటుంది అంబత్తూరు.
రెండూ ఏడవవు.
రెండూ పెద్దరికం నెత్తిన పెట్టుకుంటాయి,
కొత్త కాగితాలు తీసుకుని ఎవరి నంబర్లు వాళ్లు వేస్తాయి.
తెల్లారి తీగ కలిసేసరికి
ఒకే మనిషికి రెండు నిజాలు.
ఒక ఒరలో రెండు కత్తులని మనవాళ్లు ఊరికే అనలేదు.
అందుకని, ముగ్గురిలో ఇద్దరొప్పుకుంటేనే పెద్ద.
ఒంటరిగా మిగిలినవాడు,
బతికే ఉన్నా, అన్నీ తెలిసే ఉన్నా,
నోరు మూసుకోవాలి.
ఆ ఒక్క వరస కాన్ఫిగరేషన్ ఫైల్లో రాసి
కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను.
మా టీమ్ మీటింగుల్లో ఇంకా అమల్లోకి రాలేదది.

ఆపైన పేర్ల పట్టిక, నేనూ ఎళిలరసీ, రెండు వారాలు.
నాలుక మడిచి పలికే మా అక్షరాన్ని
ఏజెంట్లు తోచినట్టు రాశారు, అన్నీ ఒప్పే అంది,
తన పేరుతోనే మొదలుపెట్టి.
ఉప్పలపాటిలో ఒక ప జారిపోయినా
అదే ఇల్లు అన్నాను నేను.
జ్ఞానాంబ, గ్నానాంబ, నానాంబాళ్ ఒక్కరే.
ఇనిషియల్ ముందు నడిచినా వెనక నడిచినా ఒక్కరే.

డిసెంబరు తుపాను రాత్రి
గిండీలో నేలమాళిగ నిండింది.
జనరేటర్ రెండుసార్లు దగ్గి ఊరుకుంది.
వాచ్‌మన్ తంగప్పన్ ఫోను: "అమ్మా, మెట్ల మీద చేప."
వేళచ్చేరి చీకట్లో, మోకాళ్ల మీద లాప్‌టాప్,
పదమూడు శాతం బ్యాటరీ.
అంబత్తూరు అడిగింది. సిరుసేరి ఒప్పుకుంది.
పదకొండు సెకన్లు.
నకళ్లు లేచి అసలు పనిలోకి దిగాయి.
తెర మీద ఆకుపచ్చ పసుపయింది, ఎరుపెక్కి నిలవలేదు.
నేను పడుకున్నాను కూడా.

పొద్దున లాగ్ చదివితే,
రెండూ పదిహేడుకి, ఏదో ఆసుపత్రి క్లెయిముల కౌంటర్ నుంచి
ఎవరో వెతికారు:
ఏళుమలై భార్య కనకవల్లి.
ఆ పదకొండు సెకన్లలోనే పడింది. జవాబు లేదు.
మళ్లీ: ఎలుమలై కనగవల్లి.
ఇంకా లేదు.
ఈసారి ఖాళీలు కూడా లేకుండా
ఏలుమలైకనకవలి.
ఒకే ఒక్క ఫలితం, సిరుసేరి నకలులోంచి.
తొంభైనాలుగు నాటి కాగితం, నామినీ గడిలో వేలిముద్ర.
వేలిముద్రను సూచిక చదవలేదు.
పక్కన ఏ గుమాస్తానో వంకరగా రాసిన పేరు చదివింది.

కౌంటర్ దగ్గర నిలబడ్డదెవరో,
లోపల మంచం మీద ఎవరో,
కాగితం దొరికాక ఏమైందో
లాగ్‌కి తెలీదు.

మార్చిలో మణివణ్ణన్ మెయిలు:
మూడోదాని వినియోగం బాగా తక్కువ,
వచ్చే ఏడాది తీసేద్దామా?
జవాబు రాయబోయి, చెరిపి,
ఆ మూడు వరసలూ అంటించి పంపాను.
పైనా కిందా ఏమీ రాయలేదు.