సున్నం

ఎల్ పాసోలో, వంతెన కింది గోడకు
మళ్ళీ సున్నం కొట్టి పోయారు మునిసిపాలిటీ వాళ్ళు.
ఆ గోడ మీద ఒబ్దూలియా అత్త ఉండేది,
కుట్టుమిషన్ ముందు, పెదాల మధ్య రెండు గుండుసూదులతో.

ఇరవై ఆరేళ్ళు జీన్స్ ప్యాంట్లకు జిప్పులు కుట్టింది.
ఆమె ఎముకలు సున్నమయ్యాక
ఫ్యాక్టరీ నది దాటి వెళ్ళిపోయింది.
దాన్ని కాగితాలు చూపించమని ఎవరూ ఆపలేదు.

మేనకోడలు ఇత్సెల్ సిద్ధాంత వ్యాసంలో
నూట పద్నాలుగో పేజీ అడుగున, చిన్న అక్షరాల్లో:
"ఆధారం: మా అత్త. వంటగది. మొక్కజొన్న ఉడుకుతుండగా."
ఇది ఆధారం కాదన్నారు ప్రొఫెసర్లు.
ఆమె వాక్యం తీసేయలేదు,
అక్షరాలు మాత్రం ఒక సైజు పెంచింది.

శనివారం. నిచ్చెనలు, రంగు డబ్బాలు, కాళ్ళకు అడ్డంపడే పిల్లలు,
ఎవరో తెచ్చిన తమాలేల గిన్నె.
తెల్లగోడను చూసి అత్త నవ్వింది.
"సున్నమేగా!
రాత్రంతా సున్నం నీళ్ళలో నానితేనే కదే
గింజ పొట్టు వదిలి
రొట్టెకు పనికొచ్చేది."

ఇత్సెల్ నీలం డబ్బా మూత తీసింది.
"ఈసారి నోట్లో సూదులు వెయ్యకు," అంది అత్త,
"మాట్లాడాలి."