దేనివో తెలీని స్క్రూలు

ఉగాదికి ముందటి ఆదివారం.
షట్టర్ కిర్రుమని సగం లేచి మొండికేసింది.
తొమ్మిదేళ్లుగా మా కారు జయనగర్ వీధిలో
ఎండకెండి వానకు తడుస్తుంటే
దాని గదిలో
రెక్క విరిగిన కూలరూ
తీగ తెగిన ఇస్త్రీపెట్టే
కాపురం పెట్టాయి.

ప్రతిదానికీ ఈయన అడ్డం:
"పనికొస్తుందే!"
గుజరీ నయాజ్ కాటా పట్టుకుని
కన్నడంలో నవ్వుతాడు.

పై అరలో హార్లిక్స్ సీసా.
చీటీ మీద ఈయన గుండ్రటి రాత:
"దేనివో తెలీని స్క్రూలు."
నయాజ్ చెయ్యి చాచాడు.
ఎందుకో
నాకే ఇవ్వబుద్ధి కాలేదు.

చీకటిపడే వేళకి కారు లోపలికొచ్చింది,
వీధి చెట్టు రాల్చిన గులాబిరంగు పూలు
నెత్తిన మోసుకుని.

పొద్దున్న ఊడుస్తుంటే
కారు కింద, తళుక్కున,
ఒక స్క్రూ.
ఈయన్ని పిలిచాను.
ఏమీ అడక్కుండా
సీసా మూత తీశారు.