పదకొండో ప్రశ్న

సిరోంచలో డిసెంబరు అంటే
ప్రాణహిత మీంచి లేచిన పొగమంచు
బస్టాండు దాకా నడిచొచ్చి టీ అడగడం.
ఆ పొద్దున బడి వరండాలో
అరవై మంది పిల్లలు, నలభై స్వెట్టర్లు.
మిగతా ఇరవై మంది చేతులు చంకల్లో దాచుకుని
జనరల్ నాలెడ్జి కోసం వణుకుతున్నారు.

దేవఘరే సారు చంద్రపూర్ నించి రాత్రి బస్సుకొచ్చాడు.
మఫ్లర్ విప్పకుండానే కవరు చింపాడు.
ప్రశ్న మరాఠీలో పుడుతుంది,
నా నోట్లో తెలుగవుతుంది,
జవాబు మళ్ళీ మరాఠీ చొక్కా తొడుక్కుని రావాలి.
బోర్డు మీద గీతలు గీసే పనీ నాదే.

ఆక్టోపస్‌కి ఎన్ని గుండెలు?
మూడు, అనేశాడు గట్టు బానేశ్,
సముద్రం ఎన్నడూ చూడనివాడు.

ఇంగ్లీషు దొరల కాలంలో జిల్లా కచేరి ఏ ఊళ్ళో ఉండేది?
ఒక్క చెయ్యీ లేవలేదు.
ఇక్కడేరా, మీరు కూర్చున్న ఈ ఊళ్ళోనే అంటే
ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.
ఇప్పుడు కలెక్టరుకి అర్జీ పెట్టాలంటే
తెల్లారి బస్సెక్కి, సద్ది మూట తిని, ఇంకా కూర్చోవాలి.

మిరపకాయ మన దేశానికి ఎక్కడ్నించి వచ్చింది?
"వరంగల్ నించి సార్!"
"కాదు, వరంగల్‌కు మనమే పంపుతం. మా బాపు లారీ ఎక్కిండు."
సారు కవర్లో చూసి, దక్షిణ అమెరికా అన్నాడు.
అంత దూరం వస్తే ఎండిపోదా, వెనక బెంచీ అనుమానం.
"ఎండినంకనే గదా రేటు!"

ఏడాదిలో అన్నిటికంటే పొడుగు రాత్రి?
గంట కొట్టే పోచన్న గుమ్మంలోంచి,
"మిర్చి కల్లం కాడ కావలి పండుకున్న రాత్రి."
దానికి మార్కుల్లేవు.

పదకొండు.
చలికాలమంతా నిద్రపోయే జంతువు?
"అస్వల్", అన్నాడు బానేశ్.
ఎలుగుబంటే. కవరూ అదే అంది.
గీత గియ్యడానికి సుద్దముక్క ఎత్తాను.

"తప్పు."
తలండి చిన్నుబాయి.
అన్న స్వెట్టరు, చేతులు మూడు మడతలు.
తెలుగులోనే అంది, ఏ చొక్కా తొడగకుండా:
"మా తాత మొన్న ఆయితారం కట్టెలకు పోయిండు.
చెదపుట్ట కాడ ఎలుగు.
మూతి పుట్టల వెట్టి ఉర్రు ఉర్రున పీలుస్తుంది.
తాత చెట్టెక్కిండు.
పండుకున్నదానికి బుగులువడి ఎవలన్న చెట్టెక్కుతరా?
ఎలుగు పండుకుంటే
రేగువండ్లు ఎవలు తింటరు సార్?"

ఇది నేను మరాఠీ చెయ్యాలి.
రేగుపండుకి మాట ఉంది, చెదపుట్టకీ ఉంది.
ఉర్రు ఉర్రుకి దొరకలేదు.
బోర్డు ముందు నిలబడి, మూతి చాచి,
పీల్చి చూపించాను.
అరవై మందీ నవ్వారు. చలి కాస్త తగ్గింది.

సారు మఫ్లర్ విప్పాడు.
కవరు వెనక్కి తిప్పి చూశాడు.
వెనక ఏమీ రాసి లేదు.
ఆ ప్రశ్న రాసినవాడి ఎలుగుకి
మోకాళ్ళ దాకా మంచు ఉండొచ్చు, ఓ గుహ ఉండొచ్చు.
మా ఎలుగుకి చలికాలం కూడా డ్యూటీ.

"కానీ నియమం ప్రకారం..." అన్నాడు.
మార్కు బానేశ్‌కే వేశాను.
స్టీలు టిఫిను డబ్బా వాడికే.
చిన్నుబాయి ఏమీ అనలేదు,
మడతలు విప్పుకుని చేతులు లోపలికి లాక్కుంది.

సాయంత్రం బస్సు మెట్టు మీద
సారు ఒక కాలు పైన, ఒక కాలు కింద.
కండక్టరు విజిల్ వేశాడు.
అప్పుడు అడిగాడు, మెల్లగా,
పరీక్షలో అడిగే గొంతు కాదది:
"ఆ తాత... చెట్టు ఎప్పుడు దిగాడు?"

నాకు తెలీదు.
నేనూ అడగలేదు.
బస్సు వెళ్ళాక, చేతులు చంకల్లో పెట్టుకుని
తలండోళ్ళ వాడ దిక్కు నడిచాను.