ఎదురు తలుపుకి

రెండువందల పద్నాలుగులోకి రాబోతున్న మీకు.
పేరింకా తెలీదు. లోపల గోడలకి రంగు ఆరలేదు.
ముందే చెప్పేస్తున్నాను: సోఫా పట్టదు.
నేనూ కొలిచే తెచ్చాను. టేపు అబద్ధమాడిందో,
టేపుతో నేనే ఆడించానో.
మూడు రోజులు లిఫ్టు పక్కన పడుంది పాపం,
వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ దాని మీద కాసేపు చతికిలబడ్డారు,
సగం మంది నాకలాగే పరిచయం.

మంచు తోడే పార కూడా వద్దు.
డులూత్‌లో నలభై ఏడు చలికాలాలు
నా వాకిలి నేనే తవ్వుకున్నదాన్ని,
ఇక్కడ తెల్లారేసరికి ఎవరో తవ్వేసి ఉంటారు.
మొదటి మంచు రోజున కిటికీలోంచి చూస్తూ
ఆ కుర్రాడు అంచులు వదిలేస్తున్నాడని
పళ్ళు నూరుకున్నాను.
పార ఇప్పుడు కోట్ల వెనక, అల్మరాలో.

భోజనాల గదిలో కుర్చీల మీద పేర్లు రాసుండవు.
అయినా ఉంటాయి.
కిటికీ పక్కది ఆంబ్రోస్ ట్వెట్‌ది. అందులో కూర్చుంటే ఏమీ అనడు,
సూపు చల్లారేదాకా మీ వెనకే నిలబడతాడు.
అతని నోట్లో నువ్వుగింజ నానదు;
మీ మోకాలి ఆపరేషన్ సంగతి
మీకంటే ముందు వంటవాళ్ళకి తెలుస్తుంది.

మంగళవారం వ్యాను.
ముప్పై ఒక్క ఏళ్ళు స్కూలు బస్సు నడిపాన్నేను.
ఇప్పుడు ముందు సీట్లో, ఒళ్ళో సంచితో.
కొండ దిగుతుంటే సరస్సు మొత్తం అద్దంలోకి ఎక్కి వచ్చింది,
కింద వంతెన లేచి ఖనిజం ఓడకి దారిస్తోంది,
నా కుడికాలు లేని బ్రేకుని తొక్కింది. తొక్కుతూనే ఉంది.
పై మంగళవారం ఆ డ్రైవర్ కుర్రాడు డెస్మండ్
సరిగ్గా నా కాలు నొక్కుకున్న చోటే వేగం తగ్గించాడు.
ఇద్దరం ఏమీ ఎరగనట్టు రోడ్డు చూశాం.

ఇక బిళ్ళ సంగతి.
తలుపు పిడికి ఓ చెక్కబిళ్ళ వేలాడుతుంది,
ఒకవైపు చంద్రుడు, ఒకవైపు సూర్యుడు.
ఉదయం పదిలోపు సూర్యుణ్ణి బయటికి తిప్పాలి.
తిప్పకపోతే వచ్చి తలుపు కొడతారు.
బతికున్నానని రోజూ హాజరు పలకాలా అని
పౌరుషానికి పోయి మొదటివారం నేను తిప్పలేదు,
బస్సులో పిల్లల తలలు లెక్కపెట్టినదాన్ని,
నా తల ఎవరో లెక్కపెట్టడమేమిటని.
మీ గదిలో అప్పుడు ఆల్వీనా బ్యోర్క్‌లండ్ ఉండేది.
రాత్రి గౌనులోనే వచ్చి, నా బిళ్ళ తిప్పి,
ఒక్క మాటా అనకుండా వెళ్ళిపోయేది.
తర్వాత నేనే తిప్పుకోవడం మొదలుపెట్టాను,
ఆమెకి శ్రమెందుకని.

మార్చిలో ఒకరోజు, తొమ్మిదిన్నర దాటింది,
ఆమె తలుపుకి ఇంకా చంద్రుడే.
నిద్ర మత్తు అనుకున్నాను.
బాకీ తీర్చినట్టుంటుందని
నేనే వెళ్ళి సూర్యుణ్ణి తిప్పాను.
మధ్యాహ్నం ఆమె కుర్చీ ఖాళీగా కనబడేదాకా
ఎవరూ తలుపు కొట్టలేదు.

రాత్రే పోయిందన్నారు డాక్టరు,
ఏ తేడా ఉండేది కాదన్నారు.
అలాగే అంటారు.
ఉత్తరాల పెట్టెల దగ్గర ఆమె ఫోటో వారం ఉంది,
పక్కన బ్యాటరీ కొవ్వొత్తి.
నిజమైనది వెలిగించనివ్వరు, పొగ అలారం మోగుతుందట.

మిమ్మల్ని భయపెట్టడానికి కాదు ఇదంతా.
కాఫీ బాగుంటుంది. వేణ్ణీళ్ళు ఎప్పుడూ వస్తాయి.
జూన్‌లో రాత్రి తొమ్మిదైనా సరస్సు మీద వెలుతురుంటుంది,
మీ కిటికీ ఆ వైపే, నాది పార్కింగ్ వైపు.
అప్పుడప్పుడు రానిస్తారేమో చూడండి.

మీ బిళ్ళని మాత్రం నేను ముట్టుకోను.
పదయ్యిందంటే తలుపు కొడతాను.
గట్టిగా, రెండుసార్లు.
లోపల్నుంచి తిట్టండి, చాలు.

— వెర్నా కోస్కెలా, 213