పచ్చ

ఎనభై తొమ్మిది గ్రాముల పొడి, లీటరు నీళ్లు.
"దీన్ని ఆటోక్లేవుల పెట్టకు బిడ్డా,
మసిలి తేటగయితే చాలు, దించెయ్" —
కొమురెల్లి సారు రిటైరై ఆరేండ్లు.
ఫ్లాస్కు తిప్పినప్పుడల్లా ఆ గొంతే.

బయట హన్మకొండ మీద ఆషాఢం వాన.
పరకాల దిక్కు తండా నుంచి
సాయంత్రం పదకొండు డబ్బాలొచ్చినయ్.
అన్నిట్ల బియ్యం కడిగిన నీళ్లే.
ఒకదాని మీద అలికిన సిరా:
బానోతు మంగ్లి, యాభై రెండు.

మామూలు అగరు మీద గీస్తే
అందరూ మొలుస్తరు.
మేడారం జాతర అది,
అండ్ల తప్పిపోయిన ఒక్క పిల్లను ఎక్కడ దేవులాడుతం?

ఈ పచ్చ మీడియం అట్ల కాదు.
జాతరల మంచె మీది మైకు.
పైత్యరసపు ఉప్పేసి, క్షారం పెంచి
పేగుల రోజూ ఉండేటోళ్లను
మీరు కాదు, మీరు కాదని కూసోబెట్టి
ఒక్క పేరే పిలుస్తది.
వచ్చినదానికి చక్కెర పెడ్తది.

ప్రాణం తీసేదానికి
ఇంత కొలిచి, ఇంత శుభ్రంగ వండుతున్న.
నా డబ్బల అన్నం ఇంకా మూత తియ్యలే.

ప్లేట్లు బోర్లించి ముప్పై ఏడు డిగ్రీల పెట్టెల పెట్టి
కుర్చీల కునికిన.
తెల్లారి తలుపు తీస్తే
పచ్చ, పచ్చయింది.

ఆకుకూ పసుపుకూ మనకు ఒక్కటే మాట గద.
ఫోనుల డాక్టరమ్మ ఆగమైంది:
"పచ్చగనే ఉంటది గద ఆ మీడియం?"
"అది కాదు మేడం. ఏనుమాముల మార్కెట్ల
పసుపు రాశి పోస్తరు చూడున్రి, ఆ పచ్చ."
కొంచెంసేపు వాన చప్పుడే వినిపించింది.
"ఎన్ని?"
"తొమ్మిది."

మిగిలిన రెండు ఆకుపచ్చగనే ఉన్నయ్.
వాటినీ నమ్మబుద్ది కాక
మళ్ల గీసి పెట్టిన.

పదింటికల్లా తండాల నల్లా బంద్ చేసిండ్రట.
మోరీల పైపు పగిలిందట.
మార్చి నుంచే తెలుసట.
ఎవరికి తెలుసో మొలిపిచ్చి చూపే మీడియం
మా స్టోరుల లేదు.

వండేటప్పుడు వద్దన్న ఆటోక్లేవులకే
ఇప్పుడు ప్లేట్లన్నీ పోవాలె.
మంగ్లి పేరున్నదాన్ని మాత్రం
కిటికీ కాడికి తీస్కపోయి
వెలుతురుకు పట్టి చూసిన.

సక్కగున్నది.

ఆ మాట రిజిస్టర్ల రాయలే.