పుస్తకాల పడవ కుర్రాడికి

తాడు గట్టిగా కట్టు సీవర్ట్, గాలి వాయవ్యానికి తిరిగింది.
కాఫీ పోస్తాను, ముందా పెట్టె దించు.
నువ్వు కొత్తవాడివి. మీ పెద్దాయనకైతే
నా సంగతి చెప్పే పనుండేది కాదు.

సముద్రం అందంగా ఉందని రాసినవాళ్ళని నాకు తేకు.
నలభై ఏళ్ళు కాడ్ చేపల తలలు కోశాను;
ఏ పేజీలోనైనా కెరటం వెండిలా మెరిసిందా,
అక్కడికక్కడే మూసేస్తాను.
వేళ్ళ సందుల్లో ఉప్పు ఒరుసుకున్న పుండు
ఎన్నాళ్ళకి మానుతుందో తెలిసినవాడు
వంటింటి గురించి రాసినా చదువుతాను.

లావుపాటివి కావాలి. నవంబరు ఆఖర్న పొద్దు
ముఖం చాటేసిందంటే జనవరి దాకా రాదు.
సన్న పుస్తకం ఆ చీకట్లో
అగ్గిపుల్ల వెలిగినంత సేపు.

హత్యల కథలు తేవచ్చు,
హంతకుడు మాత్రం కూలివాడు కాకూడదు.
ఫ్యాక్టరీలో కత్తులన్నీ మా చేతుల్లోనే ఉండేవి,
మేనేజరు నిక్షేపంగా పెన్షను తీసుకుంటున్నాడు.

కుక్క చచ్చిపోయే పుస్తకం వద్దు.
మనుషులు పోతే పోనీ, ఓర్చుకుంటాను.
చివరి పేజీ ముందు చదువుతాను. అవును, నవ్వుకో.
రేవు ఎక్కడుందో తెలియకుండా
పడవ తీసేవాడు ధీరుడు కాడు, వెర్రివాడు.

కవిత్వమా... ఒక్కోసారి.
కత్తికి సాన పడుతున్న చప్పుడు వినిపిస్తే.

కొత్త పుస్తకం కన్నా
పదిమంది చేతుల్లో నలిగిందే నాకిష్టం.
ఒకసారి వంటల పుస్తకంలో హెర్రింగ్ పొలుసు దొరికింది,
ఎండి, అభ్రకం ముక్కలా.
దాన్నక్కడే ఉంచాను. అది కూడా గ్రంథాలయం ఆస్తే కదా.

ఇక అసలు మాట.
నా తర్వాత నువ్వు ఆగేది హెల్వోయలో.
అక్కడ పసుపు రంగు ఇంట్లో ఓద్నీ అని ఉంటుంది. మా చెల్లెలు.
నాన్న పడవ ఎవరిదన్న దగ్గర మొదలై
ఇరవై మూడేళ్ళుగా మాటల్లేవు.
పడవేమో ఎప్పుడో పుచ్చిపోయింది.

నేనిచ్చింది తను తీసుకుంటుంది, తనిచ్చింది నేను.
ముందు నాకూ తెలీదు.
ఓసారి, ఎవరో విధవరాలు సముద్రాన్ని క్షమించిన చోట,
అంచులో పెన్సిల్‌తో "అబద్ధం" అని ఉంది.
ఆ అక్షరాల వాలు నాకు కొత్త కాదు,
ఒకే గది బడి, ఒకే బల్ల మాది.
కింద రాశాను: "నీకేం తెలుసు."
మరుసటి నెల, వేరే పుస్తకంలో, జవాబు.

అప్పట్నుంచి, చెప్పుకుంటే సిగ్గు,
నా ఇష్టాల్లో సగం తన అయిష్టాలే.
తనకి ఒళ్ళు మండేవే ఏరి తెప్పించుకునేదాన్ని:
గుర్రాలెక్కి తిరిగే దొరల ప్రేమలు,
ఎడారి యాత్రలు, పాస్టర్ల ఆత్మకథలు.
మూలుగుతూ ముక్కుతూ నేను పూర్తిచేసి పంపితే
తను అంచులు నింపి పంపేది.
మీ పెద్దాయన రబ్బరు ముక్క చూపించి
కోప్పడ్డట్టు నటించేవాడు. ఒక్క మాటా చెరపలేదు.

ఎడారి యాత్రలు ఇప్పుడు నిజంగానే ఇష్టం.
అది హెల్వోయలో చెప్పకు.

పోయిన నెల వచ్చినదాంట్లో ఏమీ లేదు.
ఆరువందల పేజీలు, ఖాళీ అంచులు.
నూట పన్నెండులో ఎర్ర ఊలు పోగొకటి, గుర్తుకి పెట్టింది.
నేనూ అక్కడే ఆగాను.
చివరి పేజీ కూడా తిప్పలేదు ఈసారి.

జబ్బా, అలకా అని నిన్నడగను.
మీ ఉద్యోగంలో అవి చెప్పకూడదట.
ఇదుగో, ఇది తీసుకెళ్ళు. పోగు కదలనీకు.
దాని పక్కన చిన్న మాటొకటి రాశాను.
జరిమానా ఉంటే నా పేరున రాసుకో.
తలుపు తియ్యకపోతే కిటికీ మీద కొట్టు,
ఎడమ చెవి సరిగా వినపడదు దానికి.

నాకు ఈ నెల ఏమీ వద్దు.
ఆగాగు.
ఆ అడుగున ఉన్నది, గుర్రం బొమ్మది, ఎంత చెత్తగా ఉంటుందో
ఇలా ఇయ్యి.